సెల్ సంకేతాన్ని బట్టీ పట్టించొద్దు, చదవడం నేర్పండి

ఇంటర్ రెండో ఏడాది కెమిస్ట్రీలో విద్యుత్ రసాయన శాస్త్రం పాఠం మొదలవగానే ప్రతి విద్యార్థి నోటుపుస్తకంలోకీ ఒక వరస ఎక్కుతుంది: జింక్ | జింక్ అయాన్లు || కాపర్ అయాన్లు | కాపర్. దాని కిందే నాలుగు మాటలు రాయిస్తారు. ఎడమ పక్క ఆనోడ్, అక్కడ ఆక్సీకరణం. కుడి పక్క కాథోడ్, అక్కడ క్షయకరణం. మధ్యలో జంట గీత అంటే సాల్ట్ బ్రిడ్జి. మర్చిపోకుండా పొడి అక్షరాలతో ఒక కొండగుర్తు కూడా కట్టి ఇస్తారు. రెండు మార్కుల ప్రశ్నకు ఇది చాలు, ఎంట్రన్స్‌లో నేరుగా అడిగే బిట్‌కూ చాలు. కానీ ఈ సంకేతం మోసే బరువు అంతకంటే చాలా ఎక్కువ. సెల్‌ను ఎలా కట్టారు, దానిలో ఏ చర్య జరుగుతుంది, ఎలక్ట్రాన్లు ఎటు నుంచి ఎటు పోతాయి, మీటరు ఎంత చూపాలి అనే సంగతులన్నిటినీ ఒక్క వరసలో చెప్పగలిగిన రాత అది. ఇంటి ప్లాను చూసి మేస్త్రీ గోడలు లేపినట్టు, ఈ వరస చూసి ఎవరైనా సెల్ కట్టగలగాలి. మన పిల్లలు దాన్ని రాయగలుగుతున్నారు గానీ చదవలేకపోతున్నారు. సెల్ సంకేతం రాయించే ముందు చదవడం నేర్పాలి, పక్కన వోల్ట్‌మీటరు పెట్టి నేర్పాలి, పరీక్షల్లోనూ ఆ చదవడాన్నే అడగాలి. నా వాదన ఇదే.

ముందు ఆ వరసలో ఏముందో చూద్దాం. ఒంటి గీత రెండు ప్రావస్థలు ఒకదాన్నొకటి తాకే చోటు. ఒక పక్క ఘన జింక్, ఇంకో పక్క దాన్ని తడుపుతున్న ద్రావణం. జింక్ పరమాణువు రెండు ఎలక్ట్రాన్లను లోహంలోనే వదిలేసి అయానుగా నీళ్లలోకి దిగేది సరిగ్గా ఆ గీత దగ్గరే. గీత బదులు కామా ఉంటే, అటూ ఇటూ ఉన్న పదార్థాలు ఒకే ద్రావణంలో కలిసి ఉన్నాయని అర్థం. ఫెర్రిక్, ఫెర్రస్ అయాన్లతో ఎలక్ట్రోడ్ కట్టినప్పుడు వాటి మధ్య కామాయే రాస్తాం. రెండూ నీళ్లలో కరిగే ఉన్నాయి, తీగ తగిలించడానికి అక్కడ లోహం లేదు. అందుకే ఎలక్ట్రాన్లను అందిపుచ్చుకోవడానికి ఒక ప్లాటినం ముక్క ముంచుతాం, గీత అవతల దాని పేరు రాస్తాం. హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌లోనూ ఇదే అవసరం, ఎందుకంటే వాయువుకు తీగ కట్టలేం. ఈ మాత్రం చదవగలిగిన విద్యార్థికి ప్లాటినం ఎప్పుడు రాయాలో ఎవరూ చెప్పక్కర్లేదు. ఎలక్ట్రాన్లకు దారి చూపే లోహం చర్యలో లేనప్పుడల్లా అది కావాలని తనకే తడుతుంది. బట్టీ పట్టినవాడు మాత్రం దాన్ని ఇంకో మినహాయింపుగా గుర్తుపెట్టుకోవాల్సిందే.

జంట గీత వెనుక కథ ఇంకా పెద్దది. 1800లో ఇటలీ శాస్త్రవేత్త అలెస్సాండ్రో వోల్టా రెండు రకాల లోహపు బిళ్లల మధ్య ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలు పెట్టి దొంతర పేర్చాడు. మొదటి బ్యాటరీ అదే. కరెంటు వచ్చింది గానీ నిలకడగా రాలేదు. లోహం మీద హైడ్రోజన్ బుడగలు పేరుకుని కాసేపట్లో కరెంటు పడిపోయేది. 1836లో లండన్ కింగ్స్ కాలేజీ ప్రొఫెసర్ జాన్ ఫ్రెడరిక్ డానియెల్ దీనికి విరుగుడు కనిపెట్టాడు. రాగిని కాపర్ సల్ఫేట్ ద్రావణంలో, జింక్‌ను వేరే ద్రావణంలో ఉంచి, మధ్యలో ఒక పొర పెట్టాడు. మొదట ఎద్దు అన్నవాహిక పొర వాడాడు. తర్వాత సన్నటి రంధ్రాలున్న మట్టిపాత్ర దాని స్థానంలోకి వచ్చింది. అయాన్లు ఆ గోడను మెల్లగా దాటగలవు, రెండు ద్రావణాలు మాత్రం కలిసిపోవు. టెలిగ్రాఫ్ ఆఫీసులు ఏళ్ల తరబడి ఈ తరహా సెల్‌ల మీదే నడిచాయి. మన నోటుపుస్తకాల్లోని జంట గీత వంశం ఆ పొర దగ్గర మొదలైంది.

ఆ అడ్డు తీసేస్తే ఏమవుతుందో చూస్తే దాని విలువ తెలుస్తుంది. జింక్ రేకును నేరుగా కాపర్ సల్ఫేట్ ద్రావణంలో ముంచండి. నిమిషాల్లోనే రేకు నల్లబడుతుంది, దాని మీద ఎర్రటి రాగి పొడి పేరుకుంటుంది, ద్రావణం నీలం రంగు వెలుస్తుంది, గ్లాసు పట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. జరిగిన చర్య డానియెల్ సెల్‌లో జరిగేదే. జింక్ వదిలిన ఎలక్ట్రాన్లను కాపర్ అయాన్లు తీసుకున్నాయి. అయితే అవి అక్కడికక్కడే చేతులు మారాయి, తీగలోకి ఒక్కటీ రాలేదు. ప్రామాణిక పరిస్థితుల్లో ఒక మోల్ జింక్ నుంచి గరిష్ఠంగా 212 కిలోజౌళ్ల విద్యుత్ పని రాబట్టుకోవచ్చు. రెండిటినీ వేరు చేసి ఎలక్ట్రాన్లను తీగ చుట్టూ తిప్పితే ఆ పని బల్బుకో మోటారుకో అందుతుంది. కలిపేస్తే అంతా గ్లాసులోనే వేడిగా పోతుంది. ఇక బ్రిడ్జిలో ఏ ఉప్పు పోయాలన్నదీ ఊరికే తేల్చేది కాదు. పొటాషియం క్లోరైడ్ పోస్తే, అందులోని పొటాషియం, క్లోరైడ్ అయాన్లు రెండూ నీళ్లలో దాదాపు ఒకే వేగంతో కదులుతాయి. కాబట్టి రెండు ద్రావణాలు కలిసే చోట పుట్టే అదనపు వోల్టేజీ దాదాపుగా లేకుండా పోతుంది. జంట గీత రాశామంటే ఆ అదనపు వోల్టేజీని లెక్కలోంచి తీసేశామని చెప్పినట్టు. అదే సిల్వర్ అయాన్లున్న సెల్‌కు క్లోరైడ్ బ్రిడ్జి పెడితే తెల్లటి సిల్వర్ క్లోరైడ్ అవక్షేపం వచ్చి పడుతుంది. అక్కడ పొటాషియం నైట్రేట్ వాడాలి. "జంట గీత అంటే సాల్ట్ బ్రిడ్జి" అనే ఒక్క ముక్కతో సరిపెడితే ఇందులో ఏదీ విద్యార్థికి చేరదు.

ఇక ఎడమ, కుడి సంగతి. ఆక్సీకరణాన్ని ఎడమ పక్కనే ఎందుకు రాయాలని అడిగితే "అది రూల్" అని చెప్పి ముందుకు పోవడం మన తరగతి గదులకు అలవాటు. ఆ రూల్ మనుషులు కూర్చుని కుదుర్చుకున్న ఒప్పందం, దాని వెనుక ఏళ్ల తరబడి నలిగిన గందరగోళం ఉంది. గత శతాబ్దం మొదటి సగంలో అమెరికా పుస్తకాలు ఎక్కువగా ఆక్సీకరణ పొటెన్షియళ్లు ఇచ్చేవి. బర్కిలీ ప్రొఫెసర్ వెండెల్ లాటిమర్ 1938లో ప్రచురించిన ప్రసిద్ధ గ్రంథం ఆ పద్ధతిదే. దాని ప్రకారం జింక్ విలువ ప్లస్ 0.76 వోల్టులు. యూరప్‌లో అదే జింక్‌కు మైనస్ 0.76 అని రాసేవారు. ఎవరి లెక్క వాళ్లకు సరైనదే. ఒకరు జింక్ ఎలక్ట్రాన్లు వదిలే చర్యకు విలువ కట్టారు. ఇంకొకరు హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌తో జత చేసినప్పుడు జింక్ కొన మీటరు మీద చూపే గుర్తును రాశారు. ఒకరి పట్టిక తెచ్చి ఇంకొకరి సూత్రంలో వేస్తే మాత్రం జవాబు తలకిందులయ్యేది. 1953లో స్టాక్‌హోమ్‌లో అంతర్జాతీయ రసాయన శాస్త్ర సమాఖ్య ఐయూపీఏసీ ఈ చిక్కు విప్పింది. ఎలక్ట్రోడ్ పొటెన్షియల్‌కు మీటరు మీద కనిపించే గుర్తే ఉండాలంది. కుడి ఎలక్ట్రోడ్ విలువలోంచి ఎడమ ఎలక్ట్రోడ్ విలువ తీసేస్తే వచ్చేదే సెల్ విద్యుచ్ఛాలక బలం అంది. ఎడమన ఆక్సీకరణం, కుడిన క్షయకరణం జరుగుతున్నట్టు అనుకుని చర్య రాసుకోవాలంది.

పిల్లలకు చెప్పకుండా వదిలేస్తున్న ముఖ్యమైన సంగతి ఇక్కడే ఉంది. సంకేతం ఒక ప్రతిపాదన, అది నిజమో కాదో మీటరు తేలుస్తుంది. బల్ల మీద డానియెల్ సెల్ పెట్టండి. మల్టీమీటరు నల్ల తీగను సంకేతంలో ఎడమనున్న జింక్‌కు, ఎర్ర తీగను కుడినున్న కాపర్‌కు తగిలించండి. రెండు ద్రావణాల గాఢత 1 మోలార్ అయితే మీటరు 1.10 వోల్టుల దగ్గర నిలబడుతుంది. కాపర్ విలువ ప్లస్ 0.34, జింక్ విలువ మైనస్ 0.76. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే వచ్చే అంకె అదే. ఇప్పుడు సంకేతాన్ని తిరగేసి కాపర్‌ను ఎడమన, జింక్‌ను కుడిన రాయండి. రాసిన ప్రకారమే తీగలు కూడా మార్చండి. అంకె మారదు, దాని ముందు మైనస్ గుర్తు వచ్చి చేరుతుంది. సెల్‌లో ఏదీ మారలేదు, మనం దాన్ని చదివిన దిశ మారింది. మన రాత ప్రకారం కాపర్ కరిగి జింక్ పేరుకోవాలి. ఆ చర్య తనంతట తాను ఆ దిశలో జరగదని, ఎదురు దిశలో జరుగుతుందని మైనస్ గుర్తు చెబుతోంది. ఐయూపీఏసీ ఒప్పందం ప్రకారం తిరగేసి రాసిన సంకేతం కూడా సక్రమమైనదే, దాని విలువ మైనస్ 1.10. ఎర్ర తీగ కుడికి, నల్ల తీగ ఎడమకు అన్న ఒక్క పని చేత్తో చేసిన విద్యార్థి ఇక గుర్తుల దగ్గర తడబడడు. కొండగుర్తు మీద ఆధారపడిన విద్యార్థికి మైనస్ వచ్చిందంటే ఎక్కడో లెక్క తప్పిందనే అనిపిస్తుంది.

కొండగుర్తు చేసే హాని ఇంకో చోట బాగా బయటపడుతుంది. డానియెల్ సెల్‌ను పదే పదే రాసిన విద్యార్థి మనసులో కాపర్ అంటే కాథోడ్ అని ముద్ర పడిపోతుంది. ఇప్పుడు కాపర్‌ను సిల్వర్‌తో జత చేయండి. సిల్వర్ ప్రామాణిక విలువ 0.80. సెల్ తనంతట తాను నడిచే దిశలో సంకేతం ఇలా ఉంటుంది: కాపర్ | కాపర్ అయాన్లు || సిల్వర్ అయాన్లు | సిల్వర్. వోల్టేజీ 0.46. జింక్ పక్కన కుడివైపు నిలిచిన కాపరే సిల్వర్ పక్కన ఎడమకు జరిగింది. రాగి రేకు కరుగుతుంది, దాని చుట్టూ ఉన్న నీలి ద్రావణం ఇంకా చిక్కబడుతుంది, అవతల వెండి పేరుకుంటుంది. ఏ లోహమూ పుట్టుకతో ఆనోడూ కాదు, కాథోడూ కాదు. ఎవరి పక్కన ఎవరున్నారన్న దాన్ని బట్టి ఆ స్థానం తేలుతుంది. నీటి పైపుల్లో రాగి, ఇనుము అతికించిన చోట ఇనుమే ఎందుకు ముందు తుప్పు పడుతుందో, ఇనుప రేకుకు జింక్ పూత పూస్తే గీత పడినా రేకు ఎందుకు నిలుస్తుందో చెప్పేది కూడా ఇదే సూత్రం. ఒక్క సెల్ సంకేతాన్ని అర్థమయ్యేలా చదివిస్తే ఈ తలుపులన్నీ తెరుచుకుంటాయి.

సంకేతంలో బ్రాకెట్లో రాసే గాఢతను పిల్లలు అలంకారంగా భావించి వదిలేస్తుంటారు. దాని బలం చూడాలంటే గాఢతా సెల్‌ను చూడాలి: కాపర్ | కాపర్ అయాన్లు (0.01 మోలార్) || కాపర్ అయాన్లు (1 మోలార్) | కాపర్. రెండు పక్కలా అదే లోహం, అవే అయాన్లు. బ్రాకెట్లు తీసేస్తే అటూ ఇటూ తేడాయే లేదు, వోల్టేజీ సున్నా. బ్రాకెట్లు ఉంటే 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర నెర్న్‌స్ట్ సమీకరణం 0.059 వోల్టులు ఇస్తుంది. అంటే ఆ సెల్ వోల్టేజీ మొత్తం బ్రాకెట్లలోనే ఉంది. జర్మన్ శాస్త్రవేత్త వాల్తర్ నెర్న్‌స్ట్ 1889లో ఇచ్చిన ఆ సమీకరణంలో లాగరిథమ్ లోపలి భిన్నాన్ని పిల్లలు తరచుగా తిరగేసి వేస్తారు. డానియెల్ సెల్‌లో జింక్ అయాన్లను 1 మోలార్ దగ్గరే ఉంచి కాపర్ అయాన్లను 0.01కు తగ్గిస్తే లెక్క ప్రకారం వోల్టేజీ 1.04కు పడాలి. భిన్నం తిరగేసినవాడికి 1.16 వస్తుంది. ఖర్చయ్యే పదార్థాన్ని తగ్గిస్తే వోల్టేజీ పెరగడం ఏమిటని అతనికి అనుమానం రావాలి, రాదు. ఎందుకంటే అతను సంకేతంలోంచి చర్యను చదవలేదు, సూత్రంలో అంకెలు వేశాడంతే. ఇదే 0.059 వోల్టులు పీహెచ్ మీటరుకు ప్రాణం. పీహెచ్ ఒక అంకె మారితే ఆ మీటరు లోపలి సెల్ వోల్టేజీ సుమారు 59 మిల్లీవోల్టులు మారుతుంది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు గట్టు మీద నీటి పీహెచ్ చూసుకునే రైతు చేతిలో ఉన్నది గాజు పొర ఉన్న ఒక సెల్లే.

సంకేతంలో ఉన్న గీతలే కాదు, లేని గీతలు కూడా మాట్లాడతాయి. కరెంటు పోగానే మన ఇళ్లలో ఆదుకునే ఇన్వర్టర్ బ్యాటరీని చూడండి. 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటె కనిపెట్టిన ఈ సెల్ సంకేతం ఇది: సీసం | లెడ్ సల్ఫేట్ | సల్ఫ్యూరిక్ యాసిడ్ | లెడ్ సల్ఫేట్ | లెడ్ డయాక్సైడ్ | సీసం. ఇందులో జంట గీత ఎక్కడా లేదు, రెండు ప్లేట్లకూ ఒకటే యాసిడ్. డానియెల్ సెల్‌లో కాపర్ అయాన్లు నీళ్లలో కరిగి ఉంటాయి కాబట్టి ఈదుకుంటూ జింక్ దగ్గరికి పోగలవు, అడ్డు పెట్టక తప్పదు. ఇక్కడ లెడ్ డయాక్సైడ్ కరగని ఘనపదార్థం, తన ప్లేటును అంటిపెట్టుకునే ఉంటుంది. అందుకే సాల్ట్ బ్రిడ్జి అక్కర్లేదు, ప్లేట్లు ఒకదానికొకటి తగలకుండా సెపరేటర్ ఉంటే చాలు. సెల్ డిశ్చార్జి అయ్యేటప్పుడు రెండు పక్కలా లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది, ఆ సల్ఫేట్ మధ్యలోని యాసిడ్ నుంచే రావాలి. అంటే వాడేకొద్దీ యాసిడ్ పల్చబడాలి. బ్యాటరీ షాపులో మెకానిక్ హైడ్రోమీటరు ముంచి "గ్రావిటీ దిగిపోయింది" అనేది దీన్నే. బాగా చార్జయిన కారు బ్యాటరీలో సుమారు 1.28 ఉండే సాంద్రత వాడేకొద్దీ దిగుతుంది. పాత వాచీల్లో, చెవిటి మిషన్లలో వాడిన మెర్క్యురీ బటన్ సెల్ సంగతి వేరు. అందులోని పొటాషియం హైడ్రాక్సైడ్ మొత్తం చర్యలో ఖర్చు కాదు, ద్రావణం గాఢత మారదు. అందుకే దాని 1.35 వోల్టులు చివరిదాకా దాదాపు అలాగే నిలిచేవి. ఒక బ్యాటరీ మెల్లగా ఎందుకు నీరసపడుతుందో, ఇంకోటి చివరిదాకా ఎందుకు నిలబడుతుందో సంకేతం చదవగలిగిన పదిహేడేళ్ల పిల్ల చెప్పగలదు.

ఇప్పుడు అభ్యంతరాలకు వస్తాను. టైమ్ ఎక్కడుందన్నది మొదటిది. సిలబస్ కొండంత, ఈఏపీసెట్, జేఈఈ, నీట్ తరుముతుంటాయి, రెండు మార్కుల అంశానికి కొండగుర్తు చెప్పి ముందుకు పోక తప్పదంటారు లెక్చరర్లు. వాళ్ల ఇబ్బంది నిజమైనదే, వాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ టైమ్ లెక్క కూడా సరిగ్గా వేయాలి. ఎలక్ట్రోడ్ పొటెన్షియల్, నెర్న్‌స్ట్ సమీకరణం, గిబ్స్ శక్తి, సమతాస్థిరాంకం, బ్యాటరీలు, తుప్పు అన్నీ ఈ ఒక్క వరస మీదే నిలబడ్డాయి. వరసను చదవలేని విద్యార్థికి వీటిలో ప్రతిదానికీ ఇంకో కొండగుర్తు కావాలి. ఎడమ పక్క ఆనోడ్, అది నెగెటివ్ అని నేర్చుకున్నవాడు రేపు విద్యుద్విశ్లేషణ పాఠంలో ఆనోడ్ పాజిటివ్ అనగానే అయోమయంలో పడతాడు, మళ్లీ దానికో గుర్తు పెట్టుకుంటాడు. సంకేతాన్ని చేత్తో కట్టి, మీటరుతో చూసి, చదివి నేర్చుకోవడానికి ఒకటి రెండు పీరియడ్లు పడతాయి. ఆ తర్వాతి పాఠమంతా అంతకు అంత వేగంగా సాగుతుంది. ఎంట్రన్స్ పరీక్షల్లో విద్యార్థులను వడపోసేవి కూడా కొండగుర్తుకు లొంగని ప్రశ్నలే కాబట్టి, పోటీ కోణంలో చూసినా చదవడం నేర్చినవాడికే లాభం.

ల్యాబులు, సరంజామా లేవన్నది రెండో అభ్యంతరం. చిన్న గదుల్లో నడిచే జూనియర్ కాలేజీల పరిస్థితి తెలిసినదే. అయితే డానియెల్ సెల్‌కు కావాల్సినవి చూడండి: ఒక జింక్ రేకు, ఒక రాగి రేకు, రెండు గ్లాసులు, ఉప్పు ద్రావణంలో తడిపిన వడపోత కాగితం పట్టీ, ఎలక్ట్రికల్ షాపులో దొరికే మామూలు మల్టీమీటరు. కాపర్ సల్ఫేట్ అంటే బోర్డో మిశ్రమం కలపడానికి రైతులు కొనే మైలుతుత్తమే. జింక్ సల్ఫేట్ వరిలో జింక్ లోపానికి వేసేదే. ల్యాబు రసాయనాలు తెప్పించలేని ఊళ్లో ఎరువుల దుకాణం నుంచి తెచ్చినా సెల్ పనిచేస్తుంది. శుద్ధత తక్కువ కాబట్టి సరిగ్గా 1.10 రాకపోవచ్చు, దానికి దగ్గరగా వస్తుంది. ఎందుకు తేడా వచ్చిందన్న చర్చ కూడా పాఠంలో భాగమే. ఎన్‌సీఈఆర్‌టీ ప్రయోగ పుస్తకంలో ఇదే సెల్ కట్టి, గాఢత మార్చుతూ వోల్టేజీ ఎలా మారుతుందో కొలిచే ప్రయోగం ఉంది. కాబట్టి నేను కొత్తగా కోరుతున్నది ఏమీ లేదు. సాల్ట్ అనాలిసిస్‌కు, టైట్రేషన్‌కు మన ప్రాక్టికల్స్‌లో ఉన్న గౌరవంలో కొంత దీనికీ దక్కాలని కోరుతున్నాను.

మూడో అభ్యంతరం కాస్త లోతైనది. ఎడమ, కుడి అన్నది కేవలం ఒప్పందమైతే దాన్ని బట్టీ పట్టడం తప్ప వేరే దారి ఏముందని అడగవచ్చు. నిజమే, ఒప్పందాన్ని తర్కంతో రాబట్టలేం, ఎవరో ఒకరు చెప్పాల్సిందే. కానీ ఎంత భాగం ఒప్పందమో, ఎంత భాగం ప్రకృతో విడదీసి చెప్పాలి. ఇక్కడ ప్రధానంగా ఒప్పుకున్నవి రెండే. మొదటిది, కుడి విలువలోంచి ఎడమ విలువ తీసేయాలని. రెండోది, ప్రామాణిక హైడ్రోజన్ ఎలక్ట్రోడ్ విలువ సున్నా అని. జింక్ హైడ్రోజన్ కంటే 0.76 వోల్టులు కింద ఉండటం, కాపర్ 0.34 వోల్టులు పైన ఉండటం, రెండూ కలిస్తే జింకే కరగడం ఏ సమావేశమూ ఓటేసి నిర్ణయించినవి కావు. హైడ్రోజన్‌కు సున్నా బదులు 5 ఇచ్చుకున్నా డానియెల్ సెల్ 1.10 వోల్టులే ఇస్తుంది, తేడాలో ఆ 5 కొట్టుకుపోతుంది. ఈ విభజన తెలిసిన విద్యార్థికి సైన్స్ ఎలా పనిచేస్తుందో కూడా కొంత తెలుస్తుంది. కొలిచి తెలుసుకోవాల్సింది ఏది, కూర్చుని కుదుర్చుకోవాల్సింది ఏది అన్న స్పృహ వస్తుంది. అన్నిటినీ ఒకే రకం "రూల్"గా అప్పజెప్పిస్తే ఆ స్పృహ ఎప్పటికీ రాదు.

నాలుగోది, ఈ సంకేతాలు పుస్తకాలకే పరిమితమని, పరిశ్రమలో ఎవరూ వాడరని. తిరుపతి పక్కన దశాబ్దాలుగా లెడ్ యాసిడ్ బ్యాటరీలు తయారవుతున్నాయి. మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల భారీ ప్రాజెక్టు చేపట్టారు. మన పిల్లల్లో కొందరు రేపు ఆ గేట్లలోంచి లోపలికి పోతారు. వాళ్లు అక్కడ చదవబోయే పరిశోధన పత్రాల్లో ఒంటి గీతలు, జంట గీతలు ఉంటాయి. కాకపోతే లిథియం లోహం పక్కన జంట గీత కనిపిస్తే అక్కడ సాల్ట్ బ్రిడ్జి ఉండదు. రెండు ఎలక్ట్రోడ్లను విడదీసే ఎలక్ట్రోలైట్, సెపరేటర్ అక్కడ ఉంటాయి. పేర్లలోనూ చిక్కుంది. లిథియం అయాన్ సెల్ డిశ్చార్జి అవుతున్నప్పుడు గ్రాఫైట్ దగ్గర ఆక్సీకరణం జరుగుతుంది, అది ఆనోడ్. చార్జి పెట్టగానే అదే గ్రాఫైట్ దగ్గర క్షయకరణం జరుగుతుంది, నిర్వచనం ప్రకారం అప్పుడది కాథోడ్ అవుతుంది. దాని నెగెటివ్ గుర్తు మాత్రం రెండు సందర్భాల్లోనూ మారదు. పరిశ్రమలో గ్రాఫైట్‌ను ఎప్పుడూ ఆనోడ్ అనే పిలుస్తారు. ఆనోడ్, నెగెటివ్, ఎడమ, ఆక్సీకరణం అనే నాలుగు మాటలను ఒకే తాడుకు కట్టి నేర్చుకున్నవాడికి ఇక్కడ తాడు తెగిపోతుంది. ఎలక్ట్రాన్లు ఎటు పోతున్నాయో చూసి చదవడం నేర్చినవాడు ఏ పేరు పెట్టినా దారి తప్పడు. పరిశ్రమ కోరేది ఇలాంటి చదువునే.

కాబట్టి మార్పు ప్రశ్నపత్రం దగ్గర మొదలవ్వాలి, మన చదువుల్లో ప్రశ్నపత్రం మారితేనే పాఠం మారుతుంది. "డానియెల్ సెల్ సంకేతం రాయండి" అన్న ప్రశ్నను పక్కనపెట్టి ఇలా అడగవచ్చు. ఒక సంకేతం ఇచ్చి, మీటరు మైనస్ 0.46 చూపిందని చెప్పి, ఏ రేకు బరువు తగ్గుతుందో అడగండి. రెండు గ్లాసుల బొమ్మ ఇచ్చి, అందులో ఒక గ్లాసులో ఏ లోహమూ ముంచకుండా వదిలి, ఈ సెల్‌కు ఇంకేం కావాలో అడగండి. జంట గీత ఉన్న సెల్, లేని సెల్ పక్కపక్కన ఇచ్చి, రెండో దానికి బ్రిడ్జి ఎందుకు అక్కర్లేదో రెండు వాక్యాల్లో రాయమనండి. ఇవన్నీ ఆ రెండు మార్కులకే సరిపోయే ప్రశ్నలు, దిద్దడమూ కష్టం కాదు. ప్రాక్టికల్ పరీక్షలో పది మందికి ఒక మల్టీమీటరున్నా చాలు, ఒక్కో విద్యార్థి తాను రాసిన సంకేతం ప్రకారం తీగలు తగిలించి అంకె చూపించాలి. మైనస్ వస్తే మార్కులు కోయకుండా, ఆ మైనస్ అర్థం చెప్పమనాలి. పాఠ్యపుస్తకం రాసేవారు కూడా సూత్రాల పట్టికకు ముందు 1953 ఒప్పందం కథను ఒక పేజీలో చెప్పి, మీటరు తీగల బొమ్మ ఒకటి వేస్తే బాగుంటుంది. బోర్డులకు, పాఠ్యపుస్తక కమిటీలకు, జూనియర్ కాలేజీ లెక్చరర్లకు ఇది పెద్ద ఖర్చూ కాదు, పెద్ద శ్రమా కాదు. విద్యుత్ వాహనాలు, ఇళ్ల మీద సోలార్ పలకలు, వాటి కింద బ్యాటరీలు మన ఊళ్లకు వచ్చేస్తున్న కాలమిది. వాటి లోపల ఏం జరుగుతోందో చెప్పే వరసను పదిహేడేళ్లకే చదవగలిగే అవకాశం మన పిల్లలకు ఇప్పటికే సిలబస్‌లో ఉంది. దాన్ని కొండగుర్తుల కింద పూడ్చిపెట్టకుండా వాళ్ల చేతికి అందించడం మన బాధ్యత.